గూగుల్‌లో మన కొట్టు ఎలా ఉంది?

హైదరాబాద్ శివారు నల్లగండ్లలో కొత్తగా ఫ్లాట్‌లోకి దిగిన కుటుంబానికి పాలప్యాకెట్ దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అన్నీ వెతుక్కోవాల్సినవే. పక్క ఫ్లాట్‌వాళ్లను అడుగుదామంటే వాళ్లూ కొత్తవాళ్లే. ఒకరు విశాఖ నుంచి, ఒకరు కర్నూలు నుంచి, ఇంకొకరు భువనేశ్వర్ నుంచి ఉద్యోగం కోసం వచ్చి చేరినవాళ్లు. సొంతూళ్లో అయితే ‘మంచి టైలర్ ఎవరండీ?’ అంటే వీధిలో ముగ్గురు చెబుతారు. ఇక్కడ ఆ మాట అడిగేది ఫోన్‌ని.

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఒకప్పుడు చెరువు పక్కన ఉన్న పల్లె ఇది. ఒకవైపు లింగంపల్లి రైల్వే స్టేషన్, ఒకవైపు సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకోవైపు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చే తెల్లాపూర్. ముందు హుడా లేఅవుట్ వచ్చింది. తర్వాత అపర్ణ సరోవర్ లాంటి గేటెడ్ కమ్యూనిటీలు, సిటిజన్స్ ఆస్పత్రి, మాల్ వచ్చాయి. ఐటీ కారిడార్ ఇటు జరిగేకొద్దీ రోడ్ల వెంట కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు, బొటిక్‌లు, ప్లేస్కూళ్లు వెలిశాయి. ఏ బిల్డింగ్ చూసినా బోర్డు మీద బోర్డే.

రాత్రి ఏడున్నరకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి క్యాబ్‌లో ఇంటికొస్తున్న ఉద్యోగిని ఫోన్ తీసి ‘కర్రీ పాయింట్ నియర్ మి’ అని కొడుతుంది. పైన చిన్న మ్యాప్, దాని కింద మూడు పేర్లు వస్తాయి. ఒక్కో పేరు పక్కన చుక్కలు, రివ్యూల సంఖ్య, ఎన్నింటికి మూస్తారో, ఒక ఫొటో. ఆ ఫొటోలో స్టీలు గిన్నెల్లో కూరలు కళకళలాడుతుంటే ఒక లెక్క, ఎవరో తీసిన మసకబారిన ప్లాస్టిక్ కవర్ల ఫొటో ఉంటే ఇంకో లెక్క. సిగ్నల్ పడి మళ్లీ వదిలేలోపు ఆమె ఎక్కడ ఆగాలో తేల్చుకుంటుంది. నాలుగో దుకాణంలో గుత్తివంకాయ అందరికంటే బాగుండొచ్చు. కానీ అది ఆమె కంటికే పడలేదు.

ఈ మూడు పేర్ల వరుస ఎలా తేలుతుందో గూగుల్ తన సహాయ పేజీల్లో చెబుతుంది. అడిగినదానికి ఆ దుకాణం ఎంతవరకు సరిపోతుంది, అడిగినవాళ్లకు ఎంత దగ్గర్లో ఉంది, దానికి ఎంత పేరుంది. దూరం యజమాని చేతిలో లేదు. మిగతా రెండూ చాలావరకు అతని చేతిలోనే ఉన్నాయి. పెట్టిన వివరాలు సరిగ్గా ఉంటే మొదటిది, జనం రాసే రివ్యూల వల్ల, ఇతర చోట్ల వచ్చే ప్రస్తావనల వల్ల రెండోది పెరుగుతాయి. డబ్బు కట్టి ఈ వరుసలో పైకి రావడం కుదరదు. ప్రకటన వేరు, దాని మీద స్పాన్సర్డ్ అని స్పష్టంగా రాసి ఉంటుంది. ‘నెలకు ఇంత ఇవ్వండి, మిమ్మల్ని నంబర్ వన్ చేస్తాం’ అని చిన్న వ్యాపారులకు తరచూ ఫోన్లు వస్తుంటాయి. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ఆ ఒక్క మాట తెలిస్తే చాలామందికి డబ్బు మిగులుతుంది.

యజమాని తన దుకాణాన్ని నమోదు చేసుకునే చోటును ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు. 2005లో లోకల్ బిజినెస్ సెంటర్‌గా మొదలై, తర్వాత ప్లేసెస్‌గా, 2014 జూన్‌లో గూగుల్ మై బిజినెస్‌గా మారి, 2021 నవంబరులో ఈ పేరుకు వచ్చింది. దీనికి రూపాయి ఖర్చు లేదు. యజమాని తనేనని రుజువు చేసుకోవడానికి ఇదివరకు ఐదంకెల కోడ్‌తో పోస్టుకార్డు వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, పక్క దుకాణాలు, తన బోర్డు చూపించి, తాళం తీసి షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లినట్టు వీడియో తీసి పంపాలి. షట్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాళ్లే యజమాని అన్న నమ్మకం.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. చేసి, పనైపోయిందనుకుంటారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. గూగుల్‌లో ఉన్న ఆ పేజీ పూర్తిగా యజమానిది కాదు. అది దారినపోయేవాళ్లెవరైనా సుద్దముక్కతో రాసిపోగలిగిన బోర్డు లాంటిది. ఫోన్ నంబరు తప్పని, టైమింగ్స్ మారాయని, దుకాణమే మూతపడిందని ఎవరైనా సవరణ సూచించవచ్చు. గూగుల్‌కు అది నమ్మదగ్గదిగా అనిపిస్తే పేజీ మారిపోతుంది. యజమానికి ఈమెయిల్ రావొచ్చు, కానీ ఆ ఈమెయిల్ చూసేదెవరు?

ఇలా జనం చేత మ్యాప్ గీయించడం వెనక ఒక తెలుగువాడి ఆలోచన ఉంది. మన దేశంలో, మనలాంటి ఇతర దేశాల్లో సరైన వీధి మ్యాపులు దొరకనప్పుడు, స్థానికులే రోడ్లు, గుళ్లు, బడులు, దుకాణాలు గుర్తించేలా గూగుల్ ఇండియాలో లలితేశ్ కాట్రగడ్డ, ఆయన సహచరులు మ్యాప్ మేకర్‌ను తయారుచేశారు. అది 2008లో వచ్చింది. ప్రభుత్వ పటాల్లో లేని ఎన్నో వీధులు సామాన్యుల చేతిమీదుగా మ్యాపులోకి ఎక్కాయి. ఎంతో మేలు చేసిన పని అది. దాన్ని దుర్వినియోగం చేసినవాళ్లూ ఉన్నారు. 2015 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గర మ్యాపు మీద ఎవరో వెకిలి బొమ్మ గీశారు. మరుసటి నెల గూగుల్ మ్యాప్ మేకర్‌ను కొంతకాలం ఆపేసింది, 2017 మార్చిలో పూర్తిగా మూసేసింది. సవరణలు సూచించే వసతి మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో ఉండిపోయింది. నల్లగండ్లలో కొత్త టిఫిన్ సెంటర్ తెరిచిన కొన్నాళ్లకే మ్యాపులో కనబడుతోందంటే ఆ వసతి వల్లే. తెరిచి ఉన్న దుకాణం మీద ‘శాశ్వతంగా మూసివేశారు’ అని పడొచ్చంటే అదీ దానివల్లే.

అలా పడితే ఏమవుతుందో అమెరికాలో ఒక హోటల్ యజమానికి తెలిసొచ్చింది. వాషింగ్టన్ నగరానికి దగ్గర్లో, వర్జీనియాలో ‘సెర్బియన్ క్రౌన్’ అని సుమారు నలభై ఏళ్ల పేరున్న రెస్టారెంట్ ఉండేది. మామూలుగా వారాంతమే దానికి గిరాకీ. 2012లో వారాంతపు బేరం ఒక్కసారిగా పడిపోయింది. యజమాని చెప్పిన ప్రకారం ముప్పావు వంతు పోయింది. ఎందుకో ఆయనకు అంతుబట్టలేదు. ఒకరోజు పాత కస్టమర్ ఒకరు ఫోన్ చేసి, శని, ఆది, సోమవారాలు ఎందుకు మూసేస్తున్నారని అడిగాడు. గూగుల్‌లో అలా ఉందన్నాడు. డెబ్బై దాటిన ఆ పెద్దాయనకు ఇంటర్నెట్ అలవాటు లేదు. ఎవరినో పెట్టి దిద్దించేసరికి ఆలస్యమైంది. 2013 ఏప్రిల్‌లో హోటల్ మూతపడింది. పోటీదారులెవరో కావాలని మార్చారని, గూగుల్ దాన్ని ఆపలేదని ఆయన కోర్టుకెక్కాడు. తప్పు ఎవరిదన్నది అలా ఉంచితే, నెలల తరబడి తన దుకాణం మూసి ఉందని లోకమంతటికీ కనబడుతున్నా ఆ సంగతి తెలియనిది ఆయన ఒక్కడికే.

మన దేశంలో ఈ దారిని దొంగలు వాడుకున్నారు. 2018లో మహారాష్ట్రలోని ఠాణేలో బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖల వివరాల్లో అసలు ఫోన్ నంబరు తీసేసి తమది పెట్టారు. బ్యాంకనుకుని ఫోన్ చేసినవాళ్ల నుంచి కార్డు వివరాలు, పిన్ రాబట్టారు. బ్యాంకు ఫిర్యాదుతో సంగతి బయటపడింది. నకిలీ వెబ్‌సైట్లు ఇంకో దారి. తిరుమల తిరుపతి దేవస్థానం పేరుతో వెలసిన నకిలీ వెబ్‌సైట్ల లెక్క 2023 ఏప్రిల్ నాటికి 41కి చేరింది. కనిపెట్టిన కొద్దీ దేవస్థానం ఐటీ విభాగం పోలీసులకు ఫిర్యాదులు ఇస్తూనే ఉంది. అంత పెద్ద సంస్థకు ఐటీ విభాగం ఉంది కాబట్టి కనిపెట్టింది. గోపన్‌పల్లి రోడ్డులో కేకులు చేసే అమ్మాయికి, పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే బొటిక్‌కు ఆ విభాగం ఎక్కడిది? నంబరు మారితే అడ్వాన్సు ఎవరి ఖాతాకో పోతుంది, తిట్లు మాత్రం దుకాణానికి వస్తాయి.

పేరు ఒక్కోసారి కోరకుండానే వచ్చి పడుతుంది. ఇదే ఐటీ కారిడార్‌లో మాదాపూర్ దగ్గర, ఐటీసీ కోహినూర్ సమీపంలో గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన కుమారి ఆంటీ రోడ్డు పక్కన భోజనం అమ్మేవారు. ఏళ్లుగా ఆఫీసుల కుర్రాళ్లకు అన్నం, చికెన్, లివర్, బోటీ కూరలు వడ్డిస్తూ వచ్చారు. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వీడియోలవాళ్లు కెమెరాలు పట్టుకొచ్చారు. బిల్లు వెయ్యి అయిందని, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని ఆమె లెక్క చెప్పిన తీరు ఊరూవాడా మార్మోగింది. జనం తండోపతండాలుగా వచ్చారు. ట్రాఫిక్ ఆగిపోయింది. 2024 జనవరి 30న పోలీసులు ఆ స్టాల్‌ను అక్కడ పెట్టనివ్వలేదు. మర్నాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమెను అక్కడే వ్యాపారం చేసుకోనివ్వాలని ఆదేశించారు.

ఆ కొద్దిరోజుల్లో ఆమె వంట గురించి, ధరల గురించి, ఇంటి గురించి, చివరకు రాజకీయాల గురించి కూడా ఎవరికి తోచింది వాళ్లు రాశారు. తిననివాళ్లు కూడా తీర్పులిచ్చారు. ఆమె చేసింది అన్నం వండి పెట్టడం. మిగతాదంతా ఇతరులు తీసిన వీడియోలు, వాటి కింద రాసిన వ్యాఖ్యలు. చిన్న వ్యాపారి ఆన్‌లైన్‌లో లేకపోయినా ఆన్‌లైన్ అతని దగ్గరకు వస్తుంది. వచ్చినప్పుడు అక్కడ తన సొంత మాట ఒకటుండాలి. సరైన చోటు, వేళలు, ధరలు, ఫోన్ నంబరు, తాను పెట్టిన ఫొటోలు ముందే ఉంటే, కొత్తగా వెతికేవాళ్లకు వీడియోలవాళ్ల మాటతోపాటు అసలు మనిషి మాటా దొరుకుతుంది.

ఇంత హడావుడి చుక్కల కోసం అవసరమా అని పాతకాలపు వ్యాపారులు అడుగుతారు. సరైన ప్రశ్నే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రెస్టారెంట్ల ఆదాయాన్ని, యెల్ప్ అనే రివ్యూల సైట్ రేటింగులను పక్కపక్కన పెట్టి చూశారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ ప్రభావం సొంతంగా నడిచే హోటళ్ల మీదే కనబడింది, పెద్ద గొలుసు బ్రాండ్ల మీద కాదు. బ్రాండ్ రుచి ఎలా ఉంటుందో జనానికి ముందే తెలుసు. పేరు తెలియని చిన్న హోటల్ మంచిదో కాదో చెప్పేది ముందు తిన్నవాళ్ల మాటే. నల్లగండ్ల లాంటి, అందరూ కొత్తవాళ్లే ఉన్న చోట ఇది మరీ నిజం. మాల్‌లోని బ్రాండ్ దుకాణానికి ప్రకటనల బలం ఉంది. వీధి మలుపులో ఉన్న చిన్న మెస్‌కు ఉన్న బలం ఈ రివ్యూలే. అందుకే వాటిని కాపాడుకోవడం చిన్నవాళ్లకే ఎక్కువ అవసరం.

చుక్కలకు విలువ వచ్చాక వాటికి దొంగబజారూ వచ్చింది. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లోని షెడ్డును రెస్టారెంట్ అని ట్రిప్ అడ్వైజర్‌లో నమోదు చేసి, స్నేహితుల చేత కల్పిత రివ్యూలు రాయించి, ఆ నగరంలోకెల్లా మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. అక్కడ వంటే లేదు. గూగుల్ చెప్పిన లెక్కల ప్రకారం 2023లో అది తొలగించిన, అడ్డుకున్న నియమ విరుద్ధ రివ్యూలు 17 కోట్లకు పైనే.

హైదరాబాద్‌లో ఈ బజారు ఇంకో రూపం ఎత్తింది. ‘ఇంట్లో కూర్చుని హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, రివ్యూ రాయండి, డబ్బు సంపాదించండి’ అని టెలిగ్రామ్‌లో మెసేజ్‌లు పంపడం, మొదట కొద్దిగా లాభం చూపించడం, తర్వాత ‘టాస్క్’ల పేరుతో లక్షలు కట్టించుకోవడం. చిక్కడపల్లికి చెందిన ఒక వ్యక్తి ఇలా 28 లక్షలు పోగొట్టుకుని ఫిర్యాదు చేశాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఆ మోసం విలువ 712 కోట్ల రూపాయలు. దేశవ్యాప్తంగా సుమారు 15 వేల మంది బాధితులు, తొమ్మిది మంది అరెస్టు. రివ్యూ రాస్తే డబ్బులొస్తాయన్న మాట జనం అంత తేలిగ్గా నమ్మారంటే, డబ్బుకు రివ్యూ రాయడం అప్పటికే మామూలు సంగతి అయిపోయిందన్నమాట. రివ్యూలు కొనే దుకాణదారు తెలియకుండానే ఈ బజారుకు ఊపిరి పోస్తున్నాడు.

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసిందెవరో సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదని అది చెబుతుంది. పాటించడం మాత్రం స్వచ్ఛందమే. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూల అమ్మకం, కొనుగోలు జరిమానా పడే ఉల్లంఘనలు. గూగుల్ నియమాల్లోనూ ‘ఐదు చుక్కలిస్తే డబుల్ కా మీఠా ఫ్రీ’ అనడం తప్పే. సంతోషంగా ఉన్నవాళ్లను మాత్రమే ఏరి అడగడమూ తప్పే. తిన్నవాళ్లందరినీ నిజాయితీగా రాయమని అడగొచ్చు. దానికి గూగుల్ ఇచ్చే క్యూఆర్ కోడ్‌ను ప్రింటు తీసి క్యాష్ కౌంటర్ దగ్గర అంటిస్తే సరిపోతుంది.

ఇంతకీ కనిపెట్టుకుని ఉండటమంటే ఏం చేయాలి? వారానికి ఒకసారి, బేరం తక్కువుండే మధ్యాహ్నం మూడింటికి అరగంట చాలు. మొదట తన ఫోన్‌లో లాగౌట్ అయి, లేదా ఇన్‌కాగ్నిటో విండోలో, కస్టమర్ వెతికినట్టు వెతకాలి. యజమాని తన పేరు తాను పదేపదే వెతికి నొక్కితే ఫోన్ దాన్ని పైన చూపించవచ్చు. అది చూసి మురిసిపోతే లాభం లేదు. తన ఫోన్‌తోపాటు ఇంకొకరి ఫోన్‌లో, దుకాణం ముందు ఒకసారి, లింగంపల్లి స్టేషన్ దగ్గర ఒకసారి, తెల్లాపూర్ వైపు ఒకసారి చూడాలి. నాలుగడుగులు జరిగితే వరుస మారిపోతుంది. పేరు తెలుగులో రాసి చూడాలి, ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులతో చూడాలి, నోటితో అడిగి చూడాలి. గూగుల్ తెలుగు మాటను గుర్తించడం 2017లోనే మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు, ఆటోవాళ్లు వెతికేది అలాగే. నల్లగొండ, నల్లకుంట కూడా ఉన్న రాష్ట్రంలో నల్లగండ్ల అని పలికితే ఎక్కడికి తీసుకెళ్తోందో ఒకసారి చూసుకోవడం మంచిది.

పేజీ తెరిచాక అక్కడున్న నంబరును ఇంకొకరి ఫోన్ నుంచి నొక్కి చూడాలి. మోగింది తన ఫోనేనా? మ్యాపులో గుర్తు తన షట్టర్ మీదే ఉందా, వెనక వీధిలో ఉందా? గేటెడ్ కమ్యూనిటీ వెనక గేటు దగ్గర గుర్తు పడితే డెలివరీ కుర్రాడు చుట్టూ తిరిగి ఫోన్ చేస్తాడు, కస్టమర్ అయితే ఫోన్ కూడా చేయకుండా వేరేచోటికి వెళ్తాడు. ఫొటోల్లో ఇతరులు పెట్టినవి ఏమిటో, రెండేళ్ల కిందటి మెనూ కార్డు ఫొటో ఇంకా ఉందో చూడాలి. పాత ధర చూసి వచ్చినవాళ్లతో కౌంటర్ దగ్గర గొడవ అక్కడే పుడుతుంది.

ప్రొఫైల్ లోపల పెర్ఫార్మెన్స్ అని ఒక పేజీ ఉంటుంది. ఏ మాటలతో వెతికినవాళ్లకు దుకాణం కనబడింది, ఎందరు ఫోన్ చేశారు, ఎందరు దారి అడిగారు అన్నది అందులో తెలుస్తుంది. చాలామంది యజమానులు తెరిచి చూడని పేజీ ఇది. కర్రీ పాయింట్‌ను జనం ‘జొన్న రొట్టె’ అని వెతికి చేరుకుంటున్నారని తెలిస్తే, ఆ రొట్టె ఫొటో పైకి రావాలని అర్థం. సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లకు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఇలాంటి పనే చేస్తుంది. దుకాణం పేరుతో గూగుల్ అలర్ట్ పెట్టుకుంటే, ఎక్కడైనా కొత్తగా ప్రస్తావన వచ్చినప్పుడు ఈమెయిల్ వస్తుంది. అన్నిటినీ అది పట్టుకోలేదు, ఉచితం కాబట్టి ఉంటే నష్టమూ లేదు. జస్ట్‌డయల్, జొమాటో, స్విగ్గీ, క్లినిక్‌లకైతే ప్రాక్టో, ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్ ట్యాగులు కూడా నెలకోసారి చూడాల్సినవే. ఒక్కోచోట ఒక్కో నంబరు ఉంటే జనమూ తికమకపడతారు, గూగులూ తికమకపడుతుంది.

ఉచితంగా వచ్చినదాన్ని నమ్ముకుని కూర్చుంటే ఏమవుతుందో 2024 మార్చిలో తెలిసింది. బిజినెస్ ప్రొఫైల్‌తోపాటు గూగుల్ ఇచ్చిన ఒక పేజీ వెబ్‌సైట్లను ఆ నెలలో ఆపేసింది. కొన్నాళ్లు ఆ చిరునామా ప్రొఫైల్‌కు మళ్లింది, జూన్ తర్వాత అదీ లేదు. విజిటింగ్ కార్డుల మీద, డబ్బాల మూతల మీద ఆ చిరునామా అచ్చు వేయించుకున్నవాళ్లకు అది ఎటూ తీసుకెళ్లని దారి అయిపోయింది.

ఇల్లే దుకాణమైనవాళ్ల సంగతి వేరు. నల్లగండ్ల, తెల్లాపూర్ ఫ్లాట్లలో పచ్చళ్లు, పిండివంటలు, లంచ్ బాక్సులు చేసేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు ఎందరో. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఫ్లాట్ నంబరు లోకానికి తెలియడం వాళ్లకు ఇష్టం ఉండదు, ఉండక్కర్లేదు కూడా. కస్టమర్ దగ్గరకు తామే వెళ్లేవాళ్లు, తామే డెలివరీ ఇచ్చేవాళ్లు ప్రొఫైల్‌లో అడ్రస్ దాచి, ఏ ప్రాంతాలకు సేవ అందిస్తారో మాత్రం చూపించవచ్చు. వీళ్ల అసలు పేరు కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల్లో తయారవుతుంది. ‘లంచ్ బాక్స్ ఎవరైనా ఇస్తారా?’ అన్న ప్రశ్నకు ఎవరో ఒక నంబరు పంపుతారు, ఇంకెవరో కింద ఒక మాట రాస్తారు. దాన్ని ఏ సెర్చ్ ఇంజినూ వెతకలేదు, ఏ అలర్టూ పట్టుకోలేదు. దానికి ఉన్న దారి ఒక్కటే. కొత్త కస్టమర్ ఫోన్ చేసినప్పుడు ‘మా గురించి ఎవరు చెప్పారండీ?’ అని అడగాలి, ఆ జవాబును నోటుబుక్కులో రాసుకోవాలి.

ఇక చెడ్డ రివ్యూ. రాత్రి పదకొండింటికి దుకాణం కట్టేసి, కాళ్లు పీకుతుండగా ఫోన్ చూస్తే, ఒక చుక్క. ‘చికెన్ ఉప్పు కషాయం. పార్శిల్ కారింది. వేస్ట్.’ మనసు చివుక్కుమంటుంది. ఆ క్షణంలో రాసే జవాబు ఎప్పుడూ తప్పే. పొద్దున రాయాలి. ‘ఇదంతా పోటీవాళ్ల కుట్ర’ అనడం, కస్టమర్‌తో వాదనకు దిగడం చదివేవాళ్లను దూరం చేస్తుంది. ‘సారీ అండీ. శనివారం వాడిన పార్శిల్ డబ్బాల మూతలు సరిగ్గా పట్టలేదు, సోమవారం నుంచి మార్చాం. ఉప్పు సంగతి వంటావిడకు చెప్పాం. ఈసారి వచ్చినప్పుడు కౌంటర్‌లో ఈ మాట గుర్తుచేయండి’ అని రాస్తే, ఆ రాసినతను రాకపోయినా, చదివిన పదిమంది వస్తారు. జవాబు ఇచ్చినట్టు రివ్యూ రాసినవాళ్లకు తెలుస్తుంది. కొందరు చుక్కలు మారుస్తారు. డాక్టర్లు, ల్యాబులవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. రివ్యూ ఎంత అన్యాయమైనదైనా, జవాబులో రోగి జబ్బు గురించి, పరీక్షల గురించి ఒక్క ముక్క రాయకూడదు. ‘మీరు ఒకసారి రిసెప్షన్‌కు ఫోన్ చేయండి’ దగ్గర ఆగాలి.

కూర బాగాలేదన్న అభిప్రాయాన్ని గూగుల్ తీసేయదు. ఎవరిది నిజమో తేల్చే పంచాయతీ తాను చేయనని అది ముందే చెప్పింది. బూతులు, కులం పేరుతో దూషణ, వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం, అసలు కస్టమరే కాని పోటీదారు రాతలు, ఒక్కరాత్రిలో వచ్చి పడే డజన్ల ఒక చుక్కలు, వీటిని మాత్రం రిపోర్ట్ చేయొచ్చు. ఒప్పుకోకపోతే ఒకసారి అప్పీలు ఉంది. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి సంస్థలకు ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి. ‘డబ్బిస్తే తీసేస్తాం, లేదంటే ఇంకో యాభై రాస్తాం’ అని ఎవరైనా బెదిరిస్తే అది నేరుగా వసూళ్ల దందా. స్క్రీన్‌షాట్లు దాచి పోలీసులకు ఇవ్వాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బెదిరించినవాళ్లకు ఒక్క రూపాయి పంపినా మన నంబరు ‘ఇచ్చేవాళ్ల’ జాబితాలోకి వెళుతుంది.

గూగుల్ 2004 నుంచి హైదరాబాద్‌లో ఉంది. 2025 జూన్‌లో ఆన్‌లైన్ భద్రత మీద పనిచేసే ఇంజినీరింగ్ కేంద్రాన్ని కూడా ఇక్కడే తెరిచింది. ఇంత దగ్గర్లో ఉన్నా, పేజీ సస్పెండ్ అయిన చిన్న దుకాణదారు వెళ్లి తన మొర చెప్పుకునే కౌంటర్ మాత్రం లేదు. ఫారం నింపి, ఈమెయిల్ కోసం ఎదురుచూడటమే. తెలుగులో మాట్లాడే ఒక హెల్ప్‌డెస్క్, వారానికి ఒకరోజైనా, ఈ ఊరి వ్యాపారులకు దక్కాల్సిన సౌకర్యం. అది వచ్చేదాకా కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ ఉంటే దాని సర్టిఫికెట్, కరెంటు బిల్లు, ఫుడ్ లైసెన్సు, బోర్డు ఫొటో. పేరు అన్నిటిలో ఒకేలా ఉండాలి. బోర్డు మీద లేని ‘బెస్ట్ ఇన్ నల్లగండ్ల’ను ప్రొఫైల్ పేరులో తగిలించడం వల్ల సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

కొత్తగా ఇంకో సంగతి కలిసింది. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ కొన్ని ప్రశ్నలకు లింకుల కంటే పైన కృత్రిమ మేధ రాసిన సారాంశాన్ని చూపిస్తోంది. రివ్యూల్లో పదే పదే వచ్చే మాటలు ఇలాంటి సారాంశాల్లోకి ఎక్కుతాయి. ‘పార్కింగ్ లేదు’ అని నలుగురు రాస్తే, పార్కింగ్ వచ్చి ఏడాదైనా ఆ మాటే ముందు కనబడవచ్చు. కొత్త రివ్యూలు వస్తూ ఉండటం, మార్పు జరిగినప్పుడు జవాబుల్లో ఆ సంగతి రాయడం ఇదివరకటి కంటే ఇప్పుడు ఎక్కువ పనికొస్తాయి.

ఈ పనులన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ప్రొఫైల్ ఎవరి జీమెయిల్‌తో ఉందన్నది. మేనల్లుడి ఖాతాతోనో, మానేసిన క్యాషియర్ ఖాతాతోనో, బోర్డు వేసిన ఏజెన్సీ ఖాతాతోనో తెరిచి ఉంటే, రేపు గొడవొచ్చినప్పుడు తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. యజమాని సొంత ఖాతాను ప్రైమరీ ఓనర్‌గా పెట్టుకుని, మిగతావాళ్లను మేనేజర్లుగా చేర్చాలి. మనిషి మానేసిన రోజే పేరు తీసేయాలి. ఇది పదినిమిషాల పని.

డిసెంబరు చివరి వారంలో మరో పదినిమిషాల పని ఉంది. సంక్రాంతికి ఈ కారిడార్‌లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు, దుకాణాలు రెండు మూడు రోజులు మూసేస్తారు. ఊరెళ్లనివాళ్లు, ఎక్కువగా ఇతర రాష్ట్రాలవాళ్లు, ఆ మూడు రోజులూ తెరిచి ఉన్నదేదో ఫోన్‌లో వెతుకుతారు. మూసి ఉన్న షట్టర్ ముందు నిలబడినవాళ్లు అక్కడే ఒక చుక్క ఇచ్చి వెళ్తారు. ప్రొఫైల్‌లో స్పెషల్ అవర్స్ అని ఒక చోటు ఉంది. భోగి, సంక్రాంతి, కనుమ తేదీలు అందులో పెట్టి మూసి ఉంటుందని నొక్కాలి. తెరిచే ఉంచేవాళ్లయితే తెరిచి ఉంటుందని, ఏ వేళల్లో అన్నది పెట్టాలి. ఆ మూడు రోజుల్లో అలా పెట్టినవాళ్ల దగ్గరకే ఫోన్లు వస్తాయి.